లోడ్ సెల్ కాలిబ్రేషన్: బరువు పెడితే ఒకటి, నూలు తెంపితే ఇంకోటి చూపిస్తోంది

గంటస్తంభం (విజయనగరం)
అందరికీ నమస్కారం. డిప్లొమా ఫైనలియర్. ప్రాజెక్టు కింద జ్యూట్ నూలు ఎంత బలానికి తెగుతుందో కొలిచే చిన్న మెషీన్ కడుతున్నాం. పైన ఫ్రేముకి 50 కిలోల ఎస్ టైప్ లోడ్ సెల్ (లాగే బలాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేది), దాని కింద నూలు పట్టుకునే క్లాంపు, కింద ఇంకో క్లాంపు, దాన్ని మోటారు స్క్రూ రాడ్డుతో కిందకి లాగుతుంది. సెల్ నుంచి ఆ సిగ్నల్‌ని నంబర్లుగా మార్చే హెచ్‌ఎక్స్711 బోర్డు, అక్కణ్ణుంచి ఆర్డునో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, అక్కణ్ణుంచి ల్యాప్‌టాప్. ల్యాప్‌టాప్‌లో మా సీనియర్లు పైథాన్‌లో రాసిచ్చిన కాలిబ్రేషన్ యుటిలిటీ, అంటే తెలిసిన బాట్లతో రీడింగుని సరిచేసుకునే ప్రోగ్రాం ఉంది. జీరో బటన్ (బరువు లేనప్పుడు సున్నా పెట్టేది), స్పాన్ బటన్ (తెలిసిన బరువుకి రీడింగు సరిపెట్టేది), తెలిసిన బరువు టైప్ చేసే గడి, కిలోలా న్యూటన్లా అని ఎంచుకునే గడి, అంతే.

జీరో నొక్కి, 5 కిలోల బాటు వేలాడదీసి, గడిలో 5 అని కొట్టి స్పాన్ నొక్కితే 5.00 అని చక్కగా చూపిస్తోంది. అదే 1 కిలో పెడితే 0.97 అంటోంది. 2, 3 దగ్గర కూడా కాస్త తక్కువే. బాట్లు తీసేస్తే జీరోకి రావట్లేదు, 30 గ్రాములు అలా మిగిలిపోతోంది. మర్నాడు ఆన్ చేస్తే జీరో ఇంకో చోట ఉంటుంది. అసలు బాధ ఇంకోటి, ఒక జ్యూట్ మిల్లు వాళ్ళు ఇచ్చిన నూలు వాళ్ళ మెషీన్ మీద సగటున 3.45 కిలోలకి తెగిందట, మా దాని మీద 2.7 దాటట్లేదు. యుటిలిటీలో ఫ్యాక్టర్ నంబరు (రీడింగుని కిలోల్లోకి మార్చేది) చేత్తో పెంచేసి 3.45 వచ్చేలా చేసేద్దాం అంటున్నాడు మా బ్యాచ్‌మేట్. నాకు అది మనసొప్పట్లేదు. ఏం చెయ్యాలి?

టంకం_పొగ (శ్రీకాకుళం)
మనసొప్పకపోవడమే కరెక్టు తమ్ముడూ. ఫ్యాక్టర్ పెంచేసావంటే 5 కిలోల బాటు 6.4 అని చూపిస్తుంది, అప్పుడు ఆ మెషీన్ ఏం కొలుస్తున్నట్టు?

ముందు ఒక పని చెయ్యి. యుటిలిటీలో కిలోలు చూడ్డం ఆపీసి రా కౌంట్లు చూడు, అంటే హెచ్‌ఎక్స్711 ఇచ్చే అసలు నంబర్లు. 0, 1, 2, 3, 5 కిలోలకి ఒక్కోటి రాయి, మళ్ళీ అదే దారిలో ఒక్కోటి దించుతూ రాయి. ఎక్కేటప్పుడు దిగేటప్పుడు రెండూ కావాలి. సెల్‌తో వచ్చిన కాగితం మీద సెన్సిటివిటీ ఎంతని ఉందో అదీ చెప్పు.

గంటస్తంభం
కాగితం మీద 2 మిల్లీవోల్ట్ పర్ వోల్ట్ అని ఉందన్నా. కౌంట్లు ఇవిగో:

ఎక్కేటప్పుడు
0 – 41,200
1 కిలో – 1,19,800
2 కిలోలు – 2,00,900
3 కిలోలు – 2,82,500
5 కిలోలు – 4,46,900

దిగేటప్పుడు
3 కిలోలు – 2,86,100
2 కిలోలు – 2,05,300
1 కిలో – 1,24,000
0 – 43,700

టంకం_పొగ
ఈ లెక్క చూడు, ఇది ప్రతి ఒక్కరూ చెయ్యాల్సింది, ఎవరూ చెయ్యరు. హెచ్‌ఎక్స్711 గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో అది) 128లో ఉన్నప్పుడు, సెల్‌కి ఇచ్చే కరెంటూ చిప్పు రిఫరెన్సూ ఒకే వోల్టేజీ కాబట్టి, వోల్టుకి 3.906 మిల్లీవోల్టులు వస్తే ఫుల్ స్కేలు, అంటే 83,88,608 కౌంట్లు. నీ సెల్ 50 కిలోలకి వోల్టుకి 2 మిల్లీవోల్టులిస్తాది. 2ని 3.906తో భాగించి 83,88,608తో గుణిస్తే 50 కిలోలకి సుమారు 42,95,000 కౌంట్లు. కిలోకి 85,900. బోర్డులో వోల్టేజీ 5 ఉన్నా 4.3 ఉన్నా ఈ నంబరు మారదు, అదే దీని అందం.

నీకు 5 కిలోలకి వచ్చినవి 4,05,700 కౌంట్లు, అంటే కిలోకి 81,140. దగ్గరదగ్గర ఐదున్నర శాతం తక్కువ. మొదటి కిలోకి మరీ తక్కువ, 78,600. సెల్ కాగితానికి అటూ ఇటూ ఒక శాతం తేడా ఉందంటే నమ్ముతాను గానీ ఇంత ఉండదు. పైగా దిగేటప్పుడు 3 కిలోల దగ్గర 3,600 కౌంట్లు ఎక్కువున్నాయి, అంటే 40 గ్రాముల పైమాటే. నువ్వు వేలాడదీసిన బరువంతా సెల్‌లోంచి వెళ్ళట్లేదు, కొంత పక్క దారిలో ఫ్రేముకి పోతోంది. ఎక్కడో ఏదో రాసుకుంటోంది. ఇది సాఫ్ట్‌వేరుతో పోయే జబ్బు కాదు.

పలాస_తూకం (పలాస)
టంకం అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను కాటాలు రిపేరు చేసీవాణ్ణి, జీడిపప్పు బట్టీల్లో ప్లాట్‌ఫారం కాటాలు చానా చూసాను. లోడ్ సెల్ పాడైపోనాది కొత్తది ఎయ్యాలి అని పిలుస్తారు, వెళ్ళి చూస్తే సెల్ కింద పప్పు పొట్టు ఇరుక్కుని ఉంటాది, ఊదీసి తుడిసీస్తే అయిపోతాది. దిగినప్పుడు జీరోకి రాలేదంటే మొట్టమొదట సెల్‌ని ఏటి ముట్టుకుంటందో చూడాల.

బాబూ, మూడు అడుగుతాను. సెల్ పైబోల్టు ఫ్రేముకి గట్టిగా బిగించీసారా, లేక కొంచెం ఊగేలాగ ఉందా? సెల్ వైరు ఎటు కట్టారు? సెల్ చుట్టూ కవరు గానీ రేకు గానీ ఉందా?

గంటస్తంభం
పైన కింద రెండు వైపులా నట్లు పూర్తిగా బిగించాం, ఊగదు. వైరు వేలాడకుండా సెల్‌కీ ఫ్రేముకీ కలిపి ట్యాగుతో బిగుతుగా కట్టాం. ముందు వైపు చెయ్యి తగలకుండా ప్లైవుడ్ ముక్క ఉంది, చూస్తే సెల్ అంచు దానికి ఒక మూల ఆనుతోంది.

పలాస_తూకం
మూడూ ఉన్నాయన్నమాట. ఎస్ టైపు సెల్ నిలువుగా లాగితేనే నిజం చెప్తాది. అడ్డంగా తోసినా మెలిపెట్టినా అదీ బరువే అనుకుంటాది. రెండు వైపులా బిగించీస్తే బాటు కాస్త పక్కకి వేలాడినా సెల్ ఒంగుతాది. రెండు రాడ్ ఎండ్ బేరింగులు కొను, గుండ్రంగా కన్నంలో బంతి తిరిగీ రకం, బేరింగుల షాపులో దొరుకుతాయి, పైనొకటి కిందొకటి ఎయ్యి. అప్పుడు సెల్ తనంతట తానే నిలువుకి వచ్చీస్తాది. వైరుని ట్యాగు కోసీసి, లూజుగా ఒక చుట్టు తిప్పి వదిలీ. ప్లైవుడ్డు ముక్కని నాలుగు మిల్లీమీటర్లు ఇవతలికి జరుపు.

తోటపల్లి_కాలవ (పార్వతీపురం)
నాకు తెలీక అడుగుతున్నాను, బాట్లు లేనివాళ్ళు నీళ్ళ సీసాలు వాడొచ్చా? లీటరు నీళ్ళు కిలో కదా. నేను ఇంట్లో చిన్న లోడ్ సెల్‌తో గ్యాస్ బండ ఎంత మిగిలిందో చూసేది చేసుకుంటున్నా.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)
గ్యాస్ బండకైతే బాగానే సరిపోతుంది బాబూ. కాకపోతే మన ఎండకి నీళ్ళు 30 డిగ్రీల్లో ఉంటాయి, అప్పుడు లీటరు 995.7 గ్రాములే. సీసా మీద గీత దాకా పోస్తే లీటరని కూడా చెప్పలేం. నూలు తెంపే మెషీన్‌కి మాత్రం ఆ పద్ధతి వద్దు, ముద్ర ఉన్న బాట్లు వాడాలి.

పలాస_తూకం
బాట్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్పీస్తాను. కిరాణా కొట్లో ఉండే ఇనప బాటు మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటాది, రెండేళ్ళకోసారి మళ్ళీ చూపించి ముద్ర వేయించుకోవాల. ముద్ర తేదీ చూసి అప్పు తెచ్చుకో. ల్యాబు రకంలో ఎమ్1 తరగతి బాటైతే 5 కిలోలకి 250 మిల్లీగ్రాముల లోపే తేడా ఉండాల, ఎమ్3 అయితే రెండున్నర గ్రాములు దాకా ఒప్పుకుంటారు. నీ పనికి ఎమ్3 అయినా 0.05 శాతమే కదా, చాలు. అడుగున సీసం ఊడిపోయిన బాటు, తుప్పు రాలీ బాటు మాత్రం ముట్టుకోకు.

గంటస్తంభం
రాడ్ ఎండ్లు వేసాం, వైరు వదిలేసాం, ప్లైవుడ్ జరిపాం. బాట్లు కూడా ఈ మధ్యే ముద్ర వేయించుకున్న కొట్టు నుంచి తెచ్చాం. ఇప్పుడు చూడండి:

0 – 38,400
1 కిలో – 1,24,050
2 కిలోలు – 2,09,720
3 కిలోలు – 2,95,360
5 కిలోలు – 4,66,640
దిగేటప్పుడు 3 – 2,95,420, 2 – 2,09,790, 0 – 38,450

నేను నమ్మలేకపోయాను, మళ్ళీ మొదట్నించీ చేసినా ఇవే వస్తున్నాయి.

టంకం_పొగ
భలే! కిలోకి 85,648. లెక్కలో వచ్చిన 85,900కి మూడో వంతు శాతం కూడా తేడా లేదు. దిగేటప్పుడు తేడా 60, 70 కౌంట్లంటే గ్రాము లోపే. ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, యుటిలిటీ తెరిచి జీరో, స్పాన్ నొక్కు. నొక్కేముందు కరెంటిచ్చి ఓ ఇరవై నిమిషాలు వదిలెయ్యి, సెల్లూ బోర్డూ వేడెక్కి కుదురుకోవాలి. నీకు మర్నాడు జీరో వేరే చోట ఉండటంలో సగం కారణం అదే, ఆన్ చెయ్యగానే నొక్కేస్తున్నారు. ఫ్యాను గాలి సెల్‌కి తగలనివ్వకండి. హుక్కూ క్లాంపూ తగిలించే జీరో కొట్టండి, లేకపోతే వాటి బరువు నూలు ఖాతాలో పడుతుంది.

ఇంకోటి, స్పాన్ 5 కిలోలతో చేసాక 2 కిలోలు, 3 కిలోలు పెట్టి చదువు. కాలిబ్రేషన్‌కి వాడిన బాటుతోనే చెక్ చేస్తే అది ఎప్పుడూ కరెక్టే చూపిస్తుంది, దానికి అర్థం లేదు. మధ్యలో వేరే బాటు పెట్టి చూసిందే చెక్.

నాగావళి_ఒడ్డు
నేను ఫిజిక్స్ చెప్తాను, యూనిట్ గడి గురించి ఒక మాట. న్యూటన్లు ఎంచుకుంటే ఆ యుటిలిటీ కిలోలని దేంతో గుణిస్తోందో కోడ్‌లో చూడండి. 9.80665 అని ఉంటే మార్చాలి. అది ప్రమాణంగా పెట్టుకున్న విలువ, మన ఊరిది కాదు. భూమధ్యరేఖకి దగ్గరయ్యేకొద్దీ గురుత్వం తగ్గుతుంది. మన శ్రీకాకుళం, విజయనగరం 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాయి, సముద్రమట్టానికి పెద్ద ఎత్తు కూడా కాదు, ఇక్కడ 9.785 వస్తుంది. 5 కిలోల బాటు ఇక్కడ లాగేది 48.93 న్యూటన్లు, యుటిలిటీ దాన్ని 49.03 అని నేర్చుకుంటుంది. తేడా 0.22 శాతం. చిన్నదే, కానీ బాటులో ఉండే తప్పు కంటే ఇది నాలుగు రెట్లు పెద్దది, పైగా ఒక్క నంబరు మారిస్తే పూర్తిగా పోతుంది. పోగొట్టుకోగలిగిన తప్పుని ఉంచుకోవడం నాకు నచ్చదు.

గంటస్తంభం
మేడమ్, కోడ్‌లో 9.80665 అనే ఉంది. మరి మేం కిలోల్లో చూసుకుంటే కూడా ఈ తేడా వస్తుందా?

నాగావళి_ఒడ్డు
మంచి ప్రశ్న. ఇక్కడి బాటుతో కాలిబ్రేట్ చేసి, "ఈ నూలు ఇక్కడ ఇన్ని కిలోల బాటు వేలాడదీస్తే తెగుతుంది" అని చెప్పేటట్టైతే గురుత్వం రెండు వైపులా కొట్టుకుపోతుంది, తేడా ఉండదు. న్యూటన్లలో రాసినా, వేరే ఊళ్ళో కాలిబ్రేట్ చేసి తెచ్చిన సెల్‌తో పోల్చినా అప్పుడు వస్తుంది. రిపోర్టులో ఏది రాస్తున్నారో స్పష్టంగా రాయండి.

పాత_స్పిన్నింగ్ (నెల్లిమర్ల)
ఇప్పుడే చూసాను ఈ చర్చ. జ్యూట్ మిల్లులో స్పిన్నింగ్ డిపార్ట్‌మెంటులో చేసి రిటైరయ్యాను. మా వైపు గోగునార, జనపనార రెండూ కలిపి ఆడేవాళ్ళం. నాన్నా, నీకిచ్చిన నూలు ఎన్ని పౌండ్లది?

గంటస్తంభం
ఎనిమిది పౌండ్లు అన్నారు బాబాయ్. పౌండ్లు అంటే ఏంటో నాకు సరిగ్గా అర్థం కాలేదు.

పాత_స్పిన్నింగ్
14,400 గజాల నూలు ఎన్ని పౌండ్లు తూగితే అన్ని పౌండ్ల నూలు అంటాం. సన్న నూలైతే అంకె తక్కువ, లావైతే ఎక్కువ. తెగిన బలాన్ని పౌండ్లలో తీసుకుని ఆ అంకెతో భాగించి వందతో గుణిస్తే క్యూఆర్ అంటాం, క్వాలిటీ రేషియో. మిల్లు వాళ్ళు చెప్పిన 3.45 కిలోలంటే 7.6 పౌండ్లు, ఎనిమిదితో భాగిస్తే 95. మంచి గోనెగుడ్డ పడుగు నూలుకి అది రావల్సిన అంకే. నీ 2.7 కిలోలు అంటే 74 వస్తాది, అలాటి నూలు మగ్గం మీద నిలబడదు, మాటిమాటికీ తెగిపోతాది. కాబట్టి నూలు మంచిదే, మెషీనే తక్కువ చెప్తోంది. బాట్లకి సరిపోయి నూలుకి సరిపోవట్లేదంటే తెగీటప్పుడు చదవడంలో తేడా ఉండాల. మా పాత మెషీన్లలో ముల్లు ఎక్కడిదాకా వెళ్ళిందో అక్కడే ఇంకో ముల్లు ఆగిపోయేది, నూలు తెగాక వెళ్ళి చదివీవాళ్ళం. మీ కంప్యూటర్ అలాగ పట్టుకుంటోందా?

గంటస్తంభం
కాలిబ్రేషన్ సరిచేసాక మళ్ళీ తెంపి చూసాం, ఇంకా 2.6, 2.7 దగ్గరే ఉంది బాబాయ్. యుటిలిటీలో పీక్ (అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన రీడింగు) అని ఒక గడి ఉంది, అదే రాస్తున్నాం. క్లాంపుల మధ్య 50 సెంటీమీటర్లు, సెకనుకి 5 మిల్లీమీటర్లు లాగుతోంది.

టంకం_పొగ
బాబాయ్ సరిగ్గా చోటు చూపించారు. తమ్ముడూ, యుటిలిటీలో యావరేజ్ ఎన్నిటికి చేస్తోంది? బోర్డు సెకనుకి ఎన్ని రీడింగులిస్తోంది?

గంటస్తంభం
యావరేజ్ 10. బోర్డు సెకనుకి 10.

టంకం_పొగ
దొరికింది. లెక్క కట్టు. జ్యూట్ నూలు రెండు శాతం సాగి తెగిపోతుంది. 50 సెంటీమీటర్లలో రెండు శాతం అంటే 10 మిల్లీమీటర్లు, నీ వేగానికి రెండు సెకన్లు. రెండు సెకన్లలో బలం సున్నా నుంచి 3.45 కిలోలకి ఎక్కుతుంది, అంటే సెకనుకి 1.7 కిలోలు. పది రీడింగుల యావరేజ్ అంటే సెకను పొడుగుది, ఎక్కుతున్న బలం మీద అది ఎప్పుడూ అర సెకను వెనకే ఉంటుంది. అర సెకనులో 0.86 కిలో. 3.45లోంచి 0.86 తీసేస్తే 2.59. నీకు వస్తున్నది అదే!

బాటు వేలాడదీసినప్పుడు బరువు కదలదు కాబట్టి ఎంత యావరేజ్ చేసినా కరెక్టే వస్తుంది. అందుకే కాలిబ్రేషన్ పాసైంది, టెస్టు ఫెయిలైంది. ఫ్యాక్టర్ పెంచేసి ఉంటే ఈ ఒక్క వేగానికి, ఈ ఒక్క నూలుకి సరిపోయినట్టు కనపడేది. మోటారు వేగం మార్చిన రోజు మళ్ళీ అంతా తప్పు.

చెయ్యాల్సింది: హెచ్‌ఎక్స్711 చిప్పుకి రేట్ అనే కాలుంది, చాలా బోర్డుల్లో దాన్ని గ్రౌండుకి కలిపి వదిలేస్తారు, అందుకే సెకనుకి 10. దాన్ని గ్రౌండు నుంచి విడదీసి ప్లస్ సప్లైకి కలిపితే సెకనుకి 80 వస్తాయి. సన్నటి ట్రాక్ కాబట్టి టంకం జాగ్రత్త. యుటిలిటీలో పీక్‌కి యావరేజ్ 1 పెట్టు. జీరో, స్పాన్ నొక్కేటప్పుడు మాత్రం యావరేజ్ ఎక్కువే ఉంచు, రెండింటికీ వేరే సెట్టింగు రాయించు.

తోటపల్లి_కాలవ
80కి పెడితే రీడింగు గెంతులేస్తుందని చదివాను అన్నా?

టంకం_పొగ
గెంతుతుంది గానీ ఎంతనేది చూడాలి. డేటాషీట్‌లో సెకనుకి 10 ఉన్నప్పుడు నాయిస్ 50 నానోవోల్టులు, 80 ఉన్నప్పుడు 90. ఈ సెల్‌కి 90 నానోవోల్టులంటే అర గ్రాము. మూడున్నర కిలోల నూలు దగ్గర అర గ్రాము గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. అదే 10 దగ్గర ఉంచితే, చిప్పు లోపలి ఫిల్టరు కుదురుకోడానికే 400 మిల్లీసెకన్లు పడుతుంది, తెగే క్షణాన్ని అది పట్టుకోలేదు.

బొబ్బిలి_తంతి (బొబ్బిలి)
బాట్లతో సంబంధం లేకుండా సెల్‌ని ఇంకో దారిలో చూసుకునే పద్ధతి చెప్తాను, మా వైపు వాళ్ళకి ఇది ఇష్టమైన పని, గొల్లపల్లిలో పనస మాను తొలిచి వీణ చేసేవాళ్ళు తంతి బిగువు చెవితోనే చెప్పేస్తారు. రెండు క్లాంపుల మధ్య 0.4 మిల్లీమీటర్ల స్టీలు తంతి కట్టి, ఊగే పొడుగు సరిగ్గా అర మీటరు ఉండేలా చూడు. మోటారుతో 3.5 కిలోల దాకా బిగించి ఆపు. మీటి ఫోన్లో ట్యూనర్ యాప్ పెడితే 186 హెర్ట్జ్ దగ్గర పలకాలి. బిగువు అంటే తంతి మీటరు బరువుని, పొడుగు వర్గాన్ని, శృతి వర్గాన్ని, నాలుగుతో కలిపి గుణించడమే. తంతి మందం కొంచెం తేడా ఉన్నా లెక్క మారిపోతుంది కాబట్టి ఓ పది మీటర్లు తూచి మీటరు బరువు కట్టు. బలం ఒక శాతం మారితే శృతి అర శాతమే కదులుతుంది, కాబట్టి దీన్ని కాలిబ్రేషన్ అనుకోకు, పెద్ద తప్పు ఉంటే మాత్రం ఇట్టే పట్టేస్తుంది.

నాగావళి_ఒడ్డు
ఇది నాకు చాలా నచ్చింది. మా పిల్లలతో ల్యాబులో చేయిస్తాను.

గంటస్తంభం
రేట్ కాలు మార్చాం, పీక్ యావరేజ్ 1 చేసాం, 9.785 పెట్టాం. మళ్ళీ జీరో, స్పాన్. 2 కిలోల బాటు 2.000, 3 కిలోలది 3.000 చూపించాయి. అదే నూలు వరసగా తెంపితే సగటు 3.38 వచ్చింది! ఒక్కో ముక్కకీ తేడా ఉంది, 3.0 నుంచి 3.8 దాకా, కానీ సగటు మిల్లు వాళ్ళ దగ్గరికి వచ్చేసింది. తంతి పరీక్ష కూడా చేసాం, ట్యూనర్ 185, 186 మధ్య ఆడింది.

పాత_స్పిన్నింగ్
ముక్కముక్కకీ తేడా జ్యూట్ నూలు గుణం నాన్నా, అది పోదు, అందుకే ఒకటి రెండు తెంపి చెప్పకూడదు. మిగిలిన కాస్త తేడా తేమ వల్ల అయ్యుండొచ్చు. జనపనార గాల్లో తేమని బాగా పీల్చుకుంటాది, దాని బలం కూడా దాంతో మారతాది. టెస్టు గదిలో 65 శాతం తేమ, 27 డిగ్రీలు ఉండేలా చూసీవాళ్ళు, నూలుని ముందు ఆ గదిలో వదిలీసి తర్వాతే తెంపీవాళ్ళు. మీ గదిలో తేమ ఎంతుందో ఒక మీటరు పెట్టి రాసుకో.

టంకం_పొగ
ఇంకో సంగతి, ఎప్పుడైనా వీలైతే 50 కిలోల సెల్ తీసి 10 కిలోలది వెయ్యి. సెల్ తప్పుని కాగితం మీద మొత్తం కెపాసిటీలో శాతంగా రాస్తారు. 0.05 శాతం అంటే 50 కిలోల దానికి 25 గ్రాములు, 10 కిలోల దానికి 5 గ్రాములు. నువ్వు 5 కిలోల లోపే కాలిబ్రేట్ చేసి అక్కడే వాడుతున్నావు కాబట్టి ప్రస్తుతం బాగానే ఉంది.

జీడితోట (కాశీబుగ్గ)
ఇదంతా చదివాక అడుగుతున్నాను. మాకు పప్పు ప్యాకింగ్ ఉంది, పావు కిలో, అర కిలో ప్యాకెట్లు. ఇలాగే లోడ్ సెల్లు, యుటిలిటీ పెట్టుకుని సొంతంగా కాటా చేసుకుని ప్యాకెట్లు తూచి అమ్ముకోవచ్చా? తయారుచేసిపెట్టే కుర్రోడు ఉన్నాడు.

పలాస_తూకం
వద్దు బావా. తూచి అమ్మీ కాటాకి 2009 లీగల్ మెట్రాలజీ చట్టం ఉంది, ఆమోదం ఉన్న మోడలే వాడాల, దానికి ముద్ర ఉండాల, ఎలక్ట్రానిక్ కాటాకైతే ఏడాదికోసారి వేయించుకోవాల. కాలిబ్రేషన్ బటన్ ఎవరి చేతికి పడితే వాళ్ళకి అందకుండా సీలు వేసీది అందుకే. కుర్రాళ్ళు చేసింది పరీక్ష మెషీను, దాంతో ఎవరికీ సరుకు అమ్మట్లేదు, దానికి ఇబ్బంది లేదు. నువ్వు ముద్రున్న కాటానే కొను. లోపల ఆ కుర్రోడు చేసినదాన్ని ప్యాకెట్టు నింపీ దగ్గర పెట్టుకుని, ఆఖర్న ముద్ర కాటా మీద మళ్ళీ తూచుకుంటే మాత్రం బాగుంటాది.

తోటపల్లి_కాలవ
గంటస్తంభం, ఆ మార్చిన యుటిలిటీ కోడ్ ఇక్కడ పెడతావా? నా గ్యాస్ బండకి జీరో, స్పాన్ భాగం పనికొస్తుంది.

గంటస్తంభం
పెడతాను. మా గైడ్ సర్ ఒకసారి చూడాలన్నారు. ఫ్యాక్టర్‌తో పాటు కాలిబ్రేట్ చేసిన తేదీ, ఏ బాట్లతో చేసాం, ఆ రోజు గది వేడి, తేమ, గురుత్వం విలువ కూడా ఫైల్లో సేవ్ అయ్యేలా రాస్తున్నాం, అది అవ్వగానే పెడతాను. పలాస అన్నా, మెషీన్‌ని ల్యాబు నుంచి ఎగ్జిబిషన్ హాలుకి మోసుకెళ్ళాలి, అక్కడ మళ్ళీ మొత్తం చెయ్యాలా?

పలాస_తూకం
మొత్తం అక్కర్లేదు. అక్కడ దింపాక లెవెల్ చూసుకో, ఆన్ చేసి వదిలీ, జీరో కొట్టు, 2 కిలోల బాటు ఒకటి పెట్టి చూడు. రెండు మూడు గ్రాముల్లోపు ఉంటే వదిలీ. అంతకన్నా ఎక్కువ తేడా ఉంటే స్పాన్ జోలికెళ్ళకుండా ముందు రాడ్ ఎండు, వైరు, ప్లైవుడ్డు చూడు. మోసేటప్పుడు సెల్‌కి ఏటీ వేలాడదియ్యకు, క్లాంపు విప్పీసి వేరే సంచిలో పట్టుకెళ్ళు.